చలికి కప్పుకున్న సన్మానం

“ఇంట్లో దుప్పట్లు కరువైనట్టు ఆస్పత్రికి సన్మానం శాలువా ఎందుకు రత్నం?”

పానకాలరావు పొద్దుటి నుంచీ ఈ మాట అంటూనే ఉన్నాడు. కాఫీ తాగుతూ అన్నాడు, పేపరు మడుస్తూ అన్నాడు, ఇప్పుడు చెప్పులు వేసుకుంటూ అంటున్నాడు.

“దుప్పటి బరువండీ. ఇదైతే చేతిసంచిలో పడుతుంది,” అంది శేషారత్నం.

“పడుతుందని పట్టుకుపోవడమేనా? దాని మీద మందో మాకో ఒలికితే మరక పోదు.”

“బీరువాలో కూర్చుని అది వెలగబెడుతున్న ఉద్యోగం ఏముంది చెప్పండి.”

“అది ఊళ్లో నలుగురూ కలిసి నాకు చేసిన మర్యాద.”

“మర్యాదకి చలి ఆగుతుందేమో చూద్దాం,” అని ఆవిడ సంచి జిప్పు లాగేసింది. కోడలు నవనీత నవ్వు దాచుకుని, కారు వచ్చిందని చెప్పింది.

ఆ సంచిలో ఉన్న మర్యాదను నేనే. నేను ఒక సన్మానం శాలువాను. మెరూన్ రంగు, రెండు కొసలా బెత్తెడు జరీ అంచు. దూరం నుంచి చూస్తే పట్టులా మెరుస్తాను. దగ్గరికి వచ్చి చూసేవాళ్లు తక్కువ కాబట్టి నా బతుకు ఇన్నాళ్లూ గౌరవంగానే గడిచింది.

పుట్టుక గురించి గొప్పలు చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఉత్తరాదిన ఎక్కడో మరమగ్గాల షెడ్డులో, అచ్చం నాలాగే ఉండే తోబుట్టువుల మధ్య పుట్టాను. నాలో ఉన్ని ఎంత ఉందో నేసినవాడికే అనుమానం. మూటలో పడి విజయవాడ వన్‌టౌన్‌లో దండలూ జ్ఞాపికలూ అమ్మే దుకాణానికి చేరాను. ఎవరొచ్చినా ఆ దుకాణదారుది ఒకటే ప్రశ్న. “ఎవరికండీ, పెద్దాయనకా, మామూలాయనకా?” నేను మామూలాయనల అరలో ఉండేదాన్ని.

మనుషులు శాలువాను కొనేది కప్పుకోవడానికి కాదు, కప్పడానికి. ఈ సంగతి నాకు మొదటి రోజే తెలిసింది. నడివేసవిలో షామియానా కింద ఒక నాయకుడికి కప్పారు. పాపం, ఆయన అప్పటికే చెమటలు కక్కుతున్నాడు. ఫొటో తీసేంతసేపు ఉన్నాను, తర్వాత వెనక నిలబడ్డ సహాయకుడి చేతిలోకి వెళ్లాను. ఆ సహాయకుడి ఇంట్లో నాలాంటివి పరుపంత ఎత్తున పేర్చి ఉన్నాయి. వాళ్లావిడ నన్ను ఓ పాఠశాల వార్షికోత్సవానికి ఇచ్చేసింది. అక్కడ ఒక కవిగారికి కప్పారు. ఆయన పద్యం ఎత్తుకుని చేతులు చాచగానే జారి కింద పడ్డాను. పద్యం అయిపోయినా ఎవరూ ఎత్తలేదు. కవిగారి భార్య ఇస్త్రీ చేయించి నన్ను ఇంకెవరికో పంపింది. భుజాలు మారాయి గానీ పొగడ్తలు మారలేదు. “వారి గురించి ఎంత చెప్పినా తక్కువే” అని ప్రతి సభలోనూ విన్నాను. తక్కువే అన్నాక కూడా చాలాసేపు చెప్పేవారు.

ఇన్ని భుజాలు ఎక్కాను గానీ ఒక్కరికీ చలి కాచలేదు. అలా తిరిగి తిరిగి ఏలూరులో పొద్దున్నే పార్కులో నడిచేవాళ్ల సంఘం చేతిలో పడ్డాను. వాళ్లు నన్ను పానకాలరావుకు కప్పారు.

ఎందుకు కప్పారో చెప్పాలి, తర్వాత జరిగిందానికంతటికీ అదే మూలం. పానకాలరావు నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. కరోనా కాలంలో రోజూ తెల్లారేసరికి పార్కు గేటు దగ్గర పెద్ద గిన్నెతో నిలబడేవాడు. తిప్పతీగ, శొంఠి, మిరియాలు, తులసి వేసి కాచిన కషాయం వచ్చినవాళ్లందరికీ పోసేవాడు. “ఇమ్యూనిటీ అండీ, ఇమ్యూనిటీ. అదుంటే ఏ జబ్బూ గుమ్మం తొక్కదు,” అనేవాడు. పేరులో పానకం పెట్టుకుని కషాయం పోస్తున్నాడని నవ్వినవాళ్లే చివరికి ఆయనకు ఇమ్యూనిటీరావు అని పేరు పెట్టారు. ఆ పేరంటే ఆయనకు లోలోపల ముచ్చట. వేదిక మీద నన్ను కప్పినప్పుడు ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఫొటో అయ్యాక కూడా నన్ను తీయలేదు, ఇంటిదాకా కప్పుకునే వచ్చాడు. అంతకుముందు ఎవరూ అలా చేయలేదు. అందుకే ఆయన మీద నాకు కోపం రాదు, వచ్చినా ఎక్కువసేపు నిలవదు.

శేషారత్నానికి మూత్రపిండంలో కేన్సర్ గడ్డ అని తేలింది. ఆపరేషన్ చేసి తీసేశారు. కొన్నాళ్లకు ఊపిరితిత్తుల్లో మచ్చలు కనిపించాయి. వాటికి ఇమ్యూనోథెరపీ మొదలుపెడదామని విజయవాడ ఆస్పత్రిలో డాక్టరు చెప్పిన రోజు పానకాలరావు మొహం వెలిగిపోయిందట. ఇంటికి రాగానే అన్నాడు, బీరువాలోంచి నేనూ విన్నాను. “చూశావా, చివరికి వాళ్లూ నా దారికే వచ్చారు. ఇమ్యూనిటీ పెంచుతారట. మనం ఇంట్లో కూడా పెంచితే రెండింతలు పని చేస్తుంది.”

ఒక్క మాట. ఇమ్యూనిటీ, ఇమ్యూనోథెరపీ, రెండు మాటలకూ తల ఒకటే, ఒళ్లు వేరు. ఆ తల చూసి ఆయన మోసపోయాడు.

మొదటిసారి మందు ఎక్కించే రోజు నేనూ వెళ్లాను, ఆ పొద్దున జరిగిన వాదన మీకు చెప్పాను కదా. ఆ హాలు నిండా వాలుకుర్చీలు, కుర్చీకో మనిషి, మనిషికో స్టాండు, స్టాండుకో సంచీ. ఏసీ చలి నేల మీంచి పైకి వస్తున్నట్టు ఉంటుంది. బరువు చూశారు, బీపీ చూశారు, రక్తం తీశారు. ఆ రిపోర్టు వచ్చి డాక్టరు సరేనన్నాకే మందు కలుపుతారు. అందుకని డ్రిప్పు ఎక్కేది తక్కువసేపే అయినా రోజంతా అక్కడే గడిచిపోతుంది. ఏదైనా తినడానికి పట్టుకెళ్లనివాళ్లు క్యాంటీన్ ఇడ్లీని శాపనార్థాలు పెడుతూ తింటారు.

డాక్టర్ అపరాజిత కుర్చీ దగ్గరికే వచ్చి నిలబడి మాట్లాడింది. ఆవిడది కైకలూరు వైపు, మాటలో ఆ యాస ఉంది.

“అమ్మా, మీ వైపు చేపల చెరువులు చూసుంటారు గదా. గట్టు మీద కాపలా కుక్కలుంటాయి. మన ఒంట్లోనూ అలాంటివి ఉన్నాయి. ఈ జబ్బు చాలా తెలివైంది, కుక్క మెడలో గొలుసు పట్టేసుకుని కూర్చుంటుంది. ఇంక కుక్క ఏం చేసుద్ది? ఈ మందు గడ్డను చంపదు. గొలుసు విప్పుతుంది, అంతే.”

“అంటే కుక్కకి బలం ఇస్తారన్నమాట,” అన్నాడు పానకాలరావు.

“బలం కాదండీ. విప్పుతాం. విప్పిన కుక్క ఒక్కోసారి ఇంట్లోవాళ్లని కూడా కరుస్తుంది. పేగుల్ని కరిస్తే విరేచనాలు, రక్తం. ఊపిరితిత్తుల్ని కరిస్తే పొడిదగ్గు, ఆయాసం. చర్మమైతే దద్దుర్లు. థైరాయిడ్, లివర్, ఏదైనా కావచ్చు. రేపే రానక్కర్లేదు, నెలలు పోయాక రావచ్చు, మందు ఆపేశాక కూడా రావచ్చు. ఏం వచ్చినా ఇంట్లో వైద్యం చెయ్యొద్దు. ఈ కార్డు మీద నంబరుంది, దానికి చేయండి. పంటి డాక్టరు దగ్గరికి వెళ్లినా సరే, ఈ కార్డు చూపించండి.”

శేషారత్నం బుద్ధిగా తలాడించింది. పానకాలరావు కార్డును రెండు చేతులా అందుకుని జేబులో పెట్టుకున్నాడు. ఇంటికి వెళ్లి దానికి నాలుగు మూలలా పసుపు రాసి, మధ్యలో కుంకుమ బొట్టు పెట్టి, దేవుడి గూట్లో వెంకటేశ్వరస్వామి పటం వెనక నిలబెట్టాడు. భక్తిలో లోపం లేదు. కార్డు మాత్రం గూట్లోంచి మళ్లీ బయటికి రాలేదు.

బిన్సీ అనే నర్సు సూది గుచ్చింది. కేరళ పిల్ల, తెలుగు తడుముకోకుండానే మాట్లాడుతుంది గానీ అన్ని మాటలూ తెలియవు. శేషారత్నం నన్ను విప్పి మెడదాకా కప్పుకుంది. బిన్సీ వచ్చి నన్ను చేతి మీంచి పక్కకు తీసింది. “సూది ఉన్న చెయ్యి నాకు కనిపించాలి అమ్మా. మంట పెట్టినా వాచినా వెంటనే చెప్పాలి.”

మిగతా ఒంటికంతా నేను ఉన్నాను. నా కింద ఆవిడ పాదాలు ముందు చల్లగా, తర్వాత గోరువెచ్చగా అయ్యాయి. కాసేపటికి నిద్రపోయింది. ఇన్ని వేదికలు ఎక్కాను, ఒక మనిషి నా కింద నిద్రపోవడం అదే మొదటిసారి. అంత పెద్ద సన్మానం నాకు ఎవరూ చేయలేదు.

మూడు వారాలకోసారి వెళ్లాలి. రెండోసారి వెళ్లినప్పుడు మందు సగం ఎక్కాక ఆవిడ ఒంట్లో సన్నగా వణుకు మొదలైంది. ఏసీ అనుకుని నన్ను ఇంకా దగ్గరికి లాక్కుంది. వణుకు ఎక్కువైంది, పళ్లు టకటకమంటున్నాయి. ఆవిడ నోరు విప్పలేదు. అటు తిరిగిన బిన్సీ నా జరీ అంచు ఊగడం చూసి పరిగెత్తుకొచ్చి డ్రిప్పు ఆపింది. ఏదో ఇంజక్షన్ ఇచ్చి, కుదుటపడ్డాక మళ్లీ మెల్లగా మొదలుపెట్టింది.

“చలి వేస్తే శాలువా లాక్కోవడం కాదు అమ్మా. ముందు నన్ను పిలవాలి. దురద అయినా, గుండె దడ అయినా, ఊపిరి ఆడకపోయినా. సరేనా?”

“నీకు మళ్లీ పనెందుకని,” అంది శేషారత్నం.

“ఇదే కదా అమ్మా నా పని.”

ఆ రోజు నాకు ఒక సంగతి బోధపడింది. నేను చలికి అడ్డం మాత్రమే కాదు, చూసేవాళ్ల కళ్లకూ అడ్డమే. ఈ ఆడమనిషి జీవితమంతా ఏదో ఒకటి కప్పుకునే గడిపింది. జ్వరం వచ్చినా వంటింట్లో నిలబడే ఉంటుంది, ఎలా ఉందని అడిగితే బాగానే ఉందంటుంది. ఆ బాగానే ఉంది అన్న మాట ముందు నేనెంత, పలచటి శాలువాను.

చూడవచ్చినవాళ్లు కూడా ఆవిడకు ఆ మాటే అలవాటు చేశారు. కేన్సర్ మందు అనగానే జుట్టు ఊడిపోతుందని, వాంతులతో మంచాన పడుతుందని అనుకుని వచ్చేవారు. ఆవిడ జడ నిక్షేపంగా ఉండేది. దానితో కొందరు కాస్త నిరాశపడేవారు కూడా. “ఇదేం కేన్సరమ్మా, మాకంటే నువ్వే బాగున్నావు,” అని కాఫీ తాగి వెళ్లిపోయేవారు. వాళ్లు వెళ్లాక ఆవిడ గోడ పట్టుకుని మంచం దాకా నడిచేది. అలసట అంటే నిద్ర చాలకపోతే వచ్చేది కాదు. స్నానం చేసి రావడమే ఊరికి వెళ్లొచ్చినట్టు ఉండేది. అది జుట్టులా కనిపించేది కాదు కదా, ఎవరికి చూపిస్తుంది?

పానకాలరావు మాత్రం ఊరుకోలేదు. పొద్దునా సాయంత్రం ఇత్తడి గ్లాసు నిండా కషాయం. చేదుకు ఆవిడ మొహం ముడుచుకుంటే, “చేదుగా ఉంటేనే రత్నం పనిచేసేది,” అని బతిమాలి, పక్కనే కూర్చుని చివరి చుక్కదాకా తాగించేవాడు. ప్రేమ లేనివాడు అంత ఓపిక పట్టలేడు. ఆస్పత్రిలో దాని సంగతి ఎత్తలేదు. ఇంకేం మందులు వాడుతున్నారని వాళ్లు అడిగినా, అది మందు కాదాయె, ఆకులు.

తర్వాత విరేచనాలు మొదలయ్యాయి. మొదట కొంచెమే.

“వేడి చేసింది,” అన్నాడు పానకాలరావు. “ఎండలు చూడు ఎలా ఉన్నాయో.”

మన ఇళ్లలో వేడి చేయనిదేముంది? కళ్లు మండినా వేడే, నోరు పూసినా వేడే, మామిడిపండు తిన్నా వేడే, కోపం వచ్చినా వేడే. ఆ మాట అన్నాక ఇంక ఆలోచించే పని ఉండదు, సబ్జా గింజలు నానబెడితే చాలు. సబ్జా వచ్చింది, పలచటి మజ్జిగ వచ్చింది, బార్లీ నీళ్లు వచ్చాయి. వాటి వెనకే కషాయమూ వచ్చింది. శొంఠీ మిరియాలూ వేడి చేస్తాయేమోనన్న అనుమానం మాత్రం ఎవరికీ రాలేదు.

నవనీత ఒకసారి అడిగింది. “అత్తయ్యా, ఆ నంబరుకి ఒక ఫోన్ చేద్దామా?”

శేషారత్నం గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించింది. “చెబితే మందు ఆపేస్తారే. ఆపేస్తే ఆ మచ్చలు పెరుగుతాయి. నాకున్న ఆశ అదొక్కటే. నాలుగు రోజులు ఓర్చుకుంటే అదే తగ్గుతుంది. మీ మావయ్యకీ మీ ఆయనకీ అనకు.”

అదీ ఆవిడ లోపలి భయం. జబ్బు కంటే మందు ఆగిపోతుందేమోననే ఎక్కువ భయం. భర్త వేడి అన్నాడు, ఆవిడ ఆ మాట వెనక దాక్కుంది. ఆ మాటా నాలాంటిదే, కప్పుకోవడానికి బాగుంటుంది.

మూడోసారి బిన్సీ ఎప్పటిలాగే అడిగింది. “ఎలా ఉన్నారమ్మా? మోషన్ మామూలుగానే అవుతుందా? దగ్గు, ఆయాసం, దద్దుర్లు ఏమైనా?”

శేషారత్నం నోరు తెరిచేలోపే పానకాలరావు అందుకున్నాడు. “అంతా బానే ఉందమ్మా. కాస్త వేడి చేసింది, అంతే.”

“వేడి? ఫీవర్ ఉందా సార్?”

పాపం, ఆ పిల్లకు తెలిసిన వేడి అదొక్కటే. వెంటనే థర్మామీటర్ పెట్టింది. జ్వరం లేదు. “వేడి లేదు సార్, నార్మల్,” అని సంతోషంగా చెప్పి, జ్వరం లేదని రాసుకుంది. డాక్టరు రక్తపరీక్షలూ ఆ రాతా చూసి సరేనంది. శేషారత్నం నా అంచును వేళ్లతో నలుపుతూ కూర్చుంది. ఒక్క మాట చెబితే చాలు. చెప్పలేదు. మందు ఎక్కింది.

ఆ తర్వాత వారం తిరక్కుండానే ఆవిడ మంచం దిగలేకపోయింది. బయట ఎండకు తారు కరుగుతోంది, ఆవిడ నన్ను కప్పుకుని ముడుచుకుని పడుకుంది. పానకాలరావు మందుల షాపుకు వెళ్లి విరేచనాలు ఆగే మాత్రలు తెచ్చి వేశాడు. “ఆగిపోతాయి, కంగారు పడకు,” అన్నాడు, తానే కంగారు పడుతూ.

మధ్యాహ్నం నవనీత జావ తీసుకుని వచ్చింది. “అత్తయ్యా, ఈ ఎండలో శాలువా ఏంటి?” అని నన్ను మెల్లగా తీసింది.

తీసి అలాగే నిలబడిపోయింది. నా మీద రక్తం ఉంది. ఎంతో కాదు, చాలినంత ఉంది. మరక పోదని పానకాలరావు ఏ భయం పడ్డాడో, ఆ మరకే. ఎందరి భుజాల మీదో ఉండి ఏమీ చేయని నేను ఆ రోజు ఒక పని చేశాను. దాచలేకపోయాను.

“లేదే అమ్మాయ్, అది...” అంది శేషారత్నం కళ్లు తెరవకుండానే. “నీకు మళ్లీ ఉతికే పని...”

నవనీత జావ గిన్నె కింద పెట్టి తిన్నగా దేవుడి గూటికి వెళ్లింది. మడి లేదు, తడి లేదు, పటం పక్కకు జరిపి కార్డు తీసింది.

“అమ్మాయ్, స్నానం చేయకుండా దేవుడి దగ్గర...” అని పానకాలరావు లేచాడు.

“దేవుడు ఏమీ అనుకోడు మావయ్యా. మీరు వెళ్లి కారు పిలవండి,” అని అప్పటికే నంబరు నొక్కింది. “ఇమ్యూనోథెరపీ తీసుకుంటున్న పేషెంటండీ. విరేచనాలు, రక్తం పడుతోంది. మూడోసారి మందు ఎక్కక ముందు నుంచీ ఉన్నాయి. అవునండీ, చెప్పలేదు.” అవతల ఏదో అన్నారు. “ఇంక ఆ మాత్ర వేయం. బయల్దేరుతున్నాం.”

ఎమర్జెన్సీలో ఉన్న కొత్త డాక్టరు కాగితాలు తిరగేస్తూ, “కీమో నడుస్తోందా?” అని అడిగాడు. అవునని తలాడించబోయిన పానకాలరావును ఆపి నవనీత కార్డు చేతిలో పెట్టింది. “కీమో కాదండీ. ఇది.” ఆ డాక్టరు పసుపు పొడి దులిపి చదివాడు. చదివాక ఆయన నడక వేగం మారింది. ఫోన్లు వెళ్లాయి, సెలైన్ పెట్టారు, పరీక్షలకు పంపారు, ఆ తర్వాత స్టెరాయిడ్ మొదలుపెట్టారు. ఆవిడతో పాటే వచ్చిన నన్ను ఎవరో ప్లాస్టిక్ కవర్లో కుక్కి మంచం కింద పెట్టారు. డాక్టర్ అపరాజిత వచ్చాక జరిగిన మాటలు అక్కడి నుంచే విన్నాను.

“కషాయం వల్లే వచ్చిందా డాక్టర్‌గారూ?” పానకాలరావు గొంతు నేను ఎప్పుడూ వినని గొంతులా ఉంది.

“అలా అనలేనండీ. ఈ మందుతో కొందరికి ఇలా జరుగుతుంది, కషాయం తాగకపోయినా జరుగుతుంది. కానీ మీరు ఏం పోస్తున్నారో నాకు తెలియకపోతే దేని సంగతి దేనిదో నేనెలా తేల్చను? గొలుసు విప్పిన కుక్కకి ఇంకా ఉసిగొలిపే మేత పెట్టడం నాకైతే ఇష్టం లేదు. ఆపేయండి. దానికంటే ముఖ్యం, ఇది మొదలైన రోజే చెప్పి ఉంటే మాత్రలతో ఇంటి దగ్గరే తగ్గేదేమో.”

“వేడి అనుకున్నానండీ.”

 “మా నాన్నా అదే అంటాడు. ఆ జబ్బు మా పుస్తకాల్లో లేదండీ. అదుంటే మా పని సులువయ్యేది.”

ఆవిడ బతికింది. ఆ ఒక్క ముక్క చెప్పడానికి తేలికే. ఇంటికి వచ్చాక స్టెరాయిడ్ మాత్రలు చాలాకాలం మింగింది. మొహం ఉబ్బింది, నిద్ర కరువైంది, షుగర్ పెరిగింది, మనుషుల మీద ఎప్పుడూ లేని విసుగు వచ్చింది. విరేచనాలు తగ్గాయి కదా, ఇంక ఈ మాత్రలెందుకు ఆపేద్దామన్నాడు పానకాలరావు. అలవాటు అంత తొందరగా చావదు. “మెల్లగా తగ్గించుకుంటూ రావాలన్నారు మావయ్యా, ఒక్కసారిగా ఆపితే మళ్లీ ఎమర్జెన్సీకే,” అని నవనీత డబ్బా లాక్కుంది. ఇత్తడి గ్లాసులో ఇప్పుడు మొక్కలకు నీళ్లు పోస్తున్నారు.

నన్ను ఎన్ని నీళ్లలో ఉతికినా మరక పూర్తిగా పోలేదు. మెరూన్ రంగు మీద మెరూన్ నీడలా మిగిలింది. జరీ కూడా నల్లబడింది. ఇంక నన్ను ఎవరికీ కప్పలేరు. నాలాంటిదానికి ఇది ఒక రకంగా రిటైర్మెంటు.

స్కాన్ తీశారు. మచ్చలు సగానికి తగ్గాయి. పేగు కూడా లోపల నయమైందని చూసి చెప్పారు. అప్పుడు డాక్టర్ అపరాజిత అంది, మందు మళ్లీ మొదలుపెట్టొచ్చు, ఇక్కడితో ఆపేయనూ వచ్చు. ఆపినా ఇప్పటిదాకా వెళ్లిన మందు కొన్నాళ్లు పనిచేస్తూనే ఉండొచ్చు, ఉండకపోనూవచ్చు. మొదలుపెడితే ఇదే గొడవ మళ్లీ రావచ్చు, వస్తే ఈసారి మొదటి రోజే పట్టుకోవాలి. “ఆలోచించుకుని చెప్పండమ్మా. మీ ఇష్టం,” అంది. మీ ఇష్టం అన్న మాట విని శేషారత్నం వెనక్కి తిరిగి చూసింది, తన వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని.

అప్పటి నుంచి ఇంట్లో ఒకటే చర్చ. కొడుకు భార్గవ్ ఆపేద్దామంటాడు. “అమ్మని మళ్లీ ఆ మంచం మీద నేను చూడలేను.” పానకాలరావు మొదలుపెట్టాలంటాడు, మరుక్షణం వద్దంటాడు. ఆయన అక్క తులశమ్మ ఫోన్‌లో ఏదో ఆశ్రమం పేరు చెబుతుంది. నవనీత అత్తగారి మొహం చూసి ఊరుకుంటుంది. నలుగురూ శేషారత్నం గురించే మాట్లాడుకుంటారు, ఆవిడ పక్క గదిలో ఉన్నట్టు. ఆవిడ ఆ పక్కనే కుర్చీలో ఉంటుంది.

ఆదివారం సాయంత్రం అందరూ పెసరట్లు తింటున్నారు. ఊరి నుంచి తులశమ్మ కూడా వచ్చింది. శేషారత్నం నన్ను ఒళ్లో వేసుకుని సూదీ దారంతో ఏదో కుడుతోంది. తన పాత రవికె గుడ్డ ముక్కను నా లోపలి వైపు, సరిగ్గా మరక మీద, మూడు వైపులా కుట్టి, పై వైపు వదిలేసింది. జేబు అన్నమాట. సన్మానం శాలువాకు జేబు ఉండడం మా జాతిలో ఎక్కడా లేదు.

“నేను చెప్పిన ఆశ్రమంలో అయితే ఒక్క ఇంజక్షన్ కూడా ఉండదటరా భార్గవ్,” అంటోంది తులశమ్మ.

“ఇంజక్షన్ సంగతి కాదత్తా. మళ్లీ వేడి చేసిందంటే అమ్మ తట్టుకోలేదు.”

పానకాలరావు తలెత్తలేదు. చట్నీలో వేలు ముంచి అలాగే ఉంచాడు.

శేషారత్నం దారం పంటితో కొరికింది. కార్డు తీసి జేబులో పెట్టి చూసుకుంది. సరిపోయింది. పసుపు మరకలు ఇంకా ఉన్నాయి దాని మీద.

“బుధవారం వెళ్తున్నాను,” అంది.

గొంతు పెంచలేదు. అందుకే మొదట ఎవరికీ వినపడలేదు. నవనీత అట్లకాడ పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

“మందు మళ్లీ మొదలుపెట్టమని చెబుతాను. ఏమవుతుందో నాకు తెలియదు. డాక్టరుకే తెలియదట, నాకేం తెలుస్తుంది? అయినా వెళ్తాను. నవనీత నాతో వస్తుంది. మీరూ రండి,” అంది భర్త వైపు తిరిగి. “బయట కూర్చోండి, ఫ్లాస్క్ పట్టుకుని. లోపల వాళ్లడిగినదానికి నేనే చెప్పుకుంటాను. నా పొట్ట సంగతి, నా దగ్గు సంగతి, ఎన్నిసార్లు వెళ్లాను, రక్తం పడిందా లేదా, అన్నీ నేనే చెప్తాను. సిగ్గుపడను. బాగాలేకపోతే బాగాలేదనే చెప్తాను. అప్పుడు మందు ఆపాల్సి వస్తే, ఆపుతారు.”

 పెనం మీద అట్టు మాడుతున్న వాసన వచ్చింది, నవనీత కదలలేదు.

“శాలువా?” అన్నాడు పానకాలరావు చివరికి, ఏదో ఒకటి అడగాలని.

“అదీ వస్తుంది.” ఆవిడ నన్ను నాలుగు మడతలు వేసి, జేబు పైకి వచ్చేలా తన ఒళ్లో పెట్టుకుంది. “ఇంకొకటి. ఈ రోజు నుంచి మన ఇంట్లో వేడి అనే మాట కాఫీకి తప్ప దేనికీ వాడొద్దు.”